ఆడపడుచు బిడ్డ

కొండ మీద వరిచేలో కలుపు తీసి దిగుతున్నాం. ముందు నా మొగుడు జావిటా, వెనక నేను, నా వీపున గుడ్డలో కట్టుకున్న పాలుతాగే పిల్ల సువాజా. ఇంకా చీకటి పడలేదు. పొగమంచు మాత్రం అడవిలోంచి నడిచొచ్చి మా మోకాళ్ళ దాకా మింగేసింది. తడి ఆకుల వాసన, అడవి అల్లం వాసన.

ఆ దారి మా పెద్దల శవపేటికలుంచే గుడిసె పక్కనుంచే పోతుంది. కిందటి వారం అందులో కొత్త పేటిక పెట్టాం. మనిషిది కాదు. బాబకోటోది.

బయటివాళ్ళు దాన్ని లెమూర్ అంటారు. తోక ఉండదు, నలుపూ తెలుపూ బొచ్చు, పసిపిల్లంత ఉంటుంది. ఆకులు తిని బతుకుతుంది, పొద్దున్నే ఎండకి ఎదురుగా కూర్చుని పాడుతుంది. మాకది తాతముత్తాతల వరస. చంపకూడదు. నా మొగుడు చంపాడు. బంగారం తవ్వేవాళ్ళు మాంసం అడిగారట! వాళ్ళడిగితే కాదనలేని దొడ్డ మనసు. ఇంట్లో ఉప్పు అడిగితే మాత్రం చెవుడు.

మా అత్త కలూబే కనిపెట్టి, పొయ్యి ఎక్కకముందే దాన్ని లాక్కొచ్చింది. కొత్త గుడ్డ చుట్టించి, చెరకు సారా పోయించి, కొడుకు చేత పెద్దల ముందు తప్పు ఒప్పించింది. "ఇవాళ్టి నించి ఇది మన ఇంటి ఆడపడుచు. ఇంక కోపం ఉండదు" అంది. ఊరంతా హమ్మయ్య అనుకుంది.

గుడిసె దగ్గరికి వచ్చేసరికి పాట మొదలైంది.

బాబకోటోలు పొద్దున పాడతాయి, మసకవేళ కాదు. చెట్ల కొసల్లోంచి పాడతాయి. పేటికలోంచి కాదు.

సాగదీసిన కేక... ఆగింది... మళ్ళీ. తప్పిపోయినవాళ్ళని పిలిచే పాట. పుట్టిన దగ్గర్నించీ వింటున్నదాన్ని, నాకు తెలియదూ?

"ఎవర్ని పిలుస్తోంది?" గొణిగాను.

"నడువ్."

"నిన్నే. ఎవర్ని?"

జావిటా నా మొహం చూడలేదు. "దాని వీపున పిల్ల ఉండింది."

"ఏం చేశావ్?"

"ఎవరైనా కొంటారని బుట్టలో దాచా. ఏం పెట్టినా తినదే... చచ్చింది. ఏట్లో పడేశా."

"పెద్దల ముందు ఆ ముక్క చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదుగా!"

పాట ఆగింది. గుడిసెలో పేటిక మూత కిర్రుమంది. తర్వాత చెట్టు నుంచి చెట్టుకి... ధప్... ధప్... మా పక్కనే. ఒక్క కొమ్మ ఊగలేదు.

నా పిల్ల కోసమే. పిల్లకి పిల్ల.

గుడ్డ ముడి రెండు చేతులా బిగించి పట్టుకున్నా. "నా బిడ్డ జోలికి రాకు! చేసినవాడు ముందున్నాడు, వాణ్ణి పట్టుకో!"

జావిటా పరుగెత్తాడు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

మెడ వెనక ఊపిరి. చల్లగా. నమిలిన ఆకుల వాసన. పొడుగాటి వేళ్ళు గుడ్డ అంచు తెరిచాయి... తీయలేదు.

పెట్టాయి.

బరువు పెరిగింది. ఏటినీళ్ళు నా నడుం మీంచి కారాయి.

ఇంటికొచ్చి పడ్డాను. అత్త ముడి విప్పింది. లోపల సువాజా ఒక్కతే, హాయిగా నిద్రపోతోంది. ఒళ్ళు పొడిగానే ఉంది. గుడ్డ పిండితే నీళ్ళు.

"అత్తా, ఇంకోటి దిగలేదు. వీపు మీదే ఉంది."

అత్త ఆ తడిగుడ్డ దులిపి ఆరేసింది. "ఆడపడుచు పోతే దాని బిడ్డని ఎవరు పెంచాలే?"

"కోడలు."

"ఆడపడుచుని చేసుకున్నది మనమేగా."

"చంపింది నీ కొడుకు!"

"మగాడి వీపున పిల్లని ఎవరు కడతారే?"

జావిటా మళ్ళీ తప్పు ఒప్పుకున్నాడు. పెద్దలకి సారా పోశాడు, మిగిలింది తాను తాగాడు. గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు. నాకు పాలు చాలడం లేదు. సువాజా నోరు పెట్టకముందే ఒక రొమ్ము ఖాళీ అవుతోంది. నెల తిరిగేసరికి సువాజా పక్కటెముకలు తేలాయి.

అడవిలో మిగిలిన బాబకోటోల గుంపు ఒక్కటే. తెల్లారగానే పాడుతుంది. ఆ పాట ఎత్తుకోగానే, నా వీపు మీద సువాజా కళ్ళు కూడా విప్పదు. నిద్రలోనే కొంచెం పక్కకి జరుగుతుంది...

చోటిస్తుంది.