అద్దాల కప్పు

నెరిస్‌కి గెథిన్ మొదటి చూపులోనే నచ్చలేదు.

వీధి మలుపులో వ్యాను అడ్డంగా పెట్టి, ఆమె నడుపుతున్న బస్సుని ఆపేశాడు. హారన్ కొడుతుంటే నవ్వుతూ చెయ్యి ఊపాడు. సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికొస్తే ఆ మనిషే తమ పెరట్లో నిలబడి నాన్నతో టీ తాగుతున్నాడు. వంటింటి వెనక అద్దాల గది కట్టడానికి పిలిపించింది ఇతన్నేనట.

"కప్పుకి మాత్రం పెంకు వేద్దామండీ. అదీ అద్దమే అయితే ఎండాకాలం పొయ్యి, చలికాలం ఐసుపెట్టె," అన్నాడు.

"నేనడిగింది అద్దం," అంది నెరిస్.

"తర్వాత నన్ను తిట్టుకుంటారు."

"ఇప్పుడే తిట్టుకుంటున్నా. తర్వాతకి మిగలదు."

వాళ్ళ నాన్న ఇడ్వల్ నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు. నెరిస్ ఆయన వీపు నిమురుతూ ఆక్సిజన్ మాస్కు అందించింది. గెథిన్ చేతిలోని టీ కప్పు కింద పెట్టేశాడు.

ఊపిరి కుదుటపడ్డాక ఇడ్వలే చెప్పాడు. వేల్స్‌లో ఆ లోయ మగాళ్ళందరిలాగే అతనూ బొగ్గుగనిలోకి దిగినవాడే. చలికాలంలో తెల్లవారకముందే దిగి, చీకటిపడ్డాక పైకొచ్చేవాడు. ఎండ కనపడేది ఆదివారమే. ఇప్పుడు తీరిక దొరికింది కానీ, చలిగాలి తగిలితే చాలు, ఊపిరితిత్తులు మొరాయిస్తున్నాయి.

"ఆకాశం కింద కూర్చోవాలనుంది అబ్బాయ్. అంతే."

గెథిన్ మళ్ళీ పెంకు మాట ఎత్తలేదు.

పని మొదలైంది. వాన పడ్డప్పుడల్లా ఆగింది. ఆ లోయలో వాన పడనిదెప్పుడు గనక? వంటింటి గుమ్మంలో ఇద్దరూ నిలబడి పోట్లాడుకునేవాళ్ళు. స్టాపులో చెయ్యెత్తినా ఆమె బస్సు ఆపకుండా వెళ్ళిపోయిందని అతని ఫిర్యాదు. బస్సు నిండుగా ఉందని ఆమె జవాబు. ఎక్కిందల్లా ఒక ముసలామే, ఆమె కుక్కేనని అతనికి తెలుసు. వారం తిరక్కుండానే 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది.

గది పూర్తయిన రోజు కూడా వానే. ఇడ్వల్ కుర్చీలో వెనక్కి వాలి పైకి చూశాడు. నెత్తిమీదే చినుకులు పగిలి పరిగెడుతున్నాయి. వాటి పైన మబ్బులు కొండ దాటిపోతున్నాయి.

"ఇంత కదులుతుందా ఆకాశం?" అన్నాడు నెమ్మదిగా.

గెథిన్, నెరిస్ ఒకర్నొకరు చూసుకున్నారు. ఇద్దరి కళ్ళూ తడిగానే ఉన్నాయి. అతను సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రావడానికి కారణమేదీ లేదు. కారణం లేకపోతే రాడా అని ఆమెకి కోపం. పిలవలేకపోయినందుకు తనమీద తనకే ఇంకా కోపం.

చలికాలం నడిమధ్యలో ఒక పొద్దున ఊరంతా మంచుతో కప్పబడిపోయింది. బస్సులు ఆగిపోయాయి. అద్దాల గదిలోకి అడుగుపెట్టిన ఇడ్వల్ అక్కడే నిలిచిపోయాడు. పైన దట్టంగా మంచు పేరుకుని గదంతా చీకటి.

"మళ్ళీ కిందికి దిగినట్టుంది తల్లీ," అన్నాడు. చేత్తో గోడ పట్టుకున్నాడు.

నెరిస్ పరిగెత్తుకొచ్చి నాన్నని పట్టుకుంది. అంతలో పైన బరబరమని చప్పుడు. నీలం గీత ఒకటి తెరుచుకుంది. పక్కనే ఇంకొకటి. గీతలన్నీ కలిసి ఆకాశమయ్యాయి. ఎండ ధారగా గదిలోకి దిగింది. పొడవాటి చీపురు పట్టుకుని, ముక్కు ఎర్రబడి, నిచ్చెన మీద గెథిన్. వ్యాను కదలకపోతే మోకాలి లోతు మంచులో కొండెక్కి నడిచొచ్చాడు.

నెరిస్ అతన్ని చూస్తూ ఏదో అంది. అతను చెవి దగ్గర చెయ్యి పెట్టి, వినపడలేదన్నట్టు తలూపాడు.

"రెండు పొరల అద్దం తల్లీ. బయటికెళ్ళి చెప్పు," అన్నాడు ఇడ్వల్.

ఇంట్లో వేసుకునే చెప్పులతోనే ఆమె మంచులోకి వెళ్ళింది. గెథిన్ కిందికి దిగాడు.

"ఎవరు రమ్మన్నారు నిన్ను?"

"మంచు మొదలైనప్పట్నుంచీ మీ నాన్నే గుర్తొస్తున్నాడు." చీపురు మంచులో గుచ్చాడు. "నువ్వు కూడా. ఇందాక ఏమన్నావ్?"

"ఇంక వెళ్ళొద్దన్నాను."

గడ్డకట్టిన అతని చేతుల్ని ఆమె తన చేతుల్లోకి తీసుకుంది. లోపల ఇడ్వల్ వాళ్ళవైపు చూడనేలేదు. ముఖమంతా ఎండ పరుచుకోగా, పైకే చూస్తున్నాడు.