ఉండ కట్టిన మంట

మా ఆయన పోయాక, జుట్టు నెరిశాక నేర్చుకున్న అక్షరాలు ఇవి. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన్నించండి. రాయడమైతే నిదానమే. చదవడానికి మీకు అంతసేపు పట్టదు.

టైటాన్ మీది ఊళ్ళో జనం పొద్దున్న లేవగానే గోడలోని వేడిగొట్టం మీద చెయ్యి పెట్టి చూసుకుంటారు. అది వెచ్చగా ఉంటే ఊరు బతికి ఉన్నట్టు. శనిగ్రహం చుట్టూ తిరిగే ఆ చందమామ మీద అన్నీ తిరగబడి ఉంటాయి. మనం గ్యాసు కొనుక్కుంటాం, గాలి ఊరికే వస్తుంది. అక్కడ మీథేన్ గ్యాసు చెరువులు చెరువులుగా ఉంటుంది. దాన్ని మండించే ఆక్సిజన్‌ను మాత్రం మంచుగడ్డల్లోంచి తీసుకోవాలి.

ఊరి అడుగున ఉన్న ఒకే ఒక పొయ్యి అందరికీ వేడినిస్తుంది. గ్యాసునూ గాలినీ ముందే కలిపి, పలచగా మండించే పొయ్యి అది. ఆ కలపడంలోనే ఉంది కష్టమంతా. సరిగా కలపని పిండిలా మిశ్రమం ఉండ కడితే, ఆ ఉండ దగ్గర మంట విపరీతంగా వేడెక్కుతుంది. గాలిలోని నైట్రోజన్ కూడా అక్కడ కాలి విషమవుతుంది. పొగగొట్టం పక్కనున్న కింది పేటలోకి ఆ విషం కొద్దికొద్దిగా ఊరేది. ఆ ఊరి శాస్త్రవేత్త డాక్టర్ హైమవతి తల్లి ఆ గాలికే దగ్గి దగ్గి పోయింది.

అందుకే హైమవతి సమమిశ్రణ యంత్రాన్ని కనిపెట్టింది. జనం దాన్ని కవ్వం అన్నారు. అది మంట వెలుగును చూస్తూ, చిక్కబడిన ప్రతి చోటా గ్యాసు తగ్గించి, మిశ్రమాన్ని అంతటా ఒకే తీరుగా చేస్తుంది. కింది పేటలో దగ్గులు ఆగిపోయాయి.

ఇప్పుడు హైమవతి చెల్లెలు నీలవేణి దగ్గుతోంది. అచ్చం అమ్మ దగ్గే.

హైమవతి పొయ్యి దగ్గరికి దిగి గాజు కన్నంలోంచి చూసింది. నీలి మంట నడుమ తెల్లగా మెరుస్తూ ఒక ఉండ.

“కవ్వమా, ఆ ఉండ ఏమిటి?”

“మిశ్రమం సమంగా ఉంది, డాక్టర్ హైమవతి” అని యంత్రం పలికింది.

“నా కళ్ళకు కనిపిస్తోంది.”

“మీరు అడిగితే అలా చెప్పమన్నారు.”

“ఎవరు?”

“నేనే మేడమ్” అన్నాడు వెనక నుంచి త్రివిక్రమ్. ఆమె దగ్గరే పని నేర్చుకున్నవాడు, ఇప్పుడు ఆ పొయ్యికి అధికారి. “కూర్చోండి. టీ తెప్పిస్తాను.”

“నీ టీ తర్వాత. నా యంత్రానికి అబద్ధాలు నేర్పావా?”

“అబద్ధం మీ ఒక్కరికే మేడమ్. ఊరందరికీ నిజమే చెప్పాం.”

ఆమె కూర్చుంది.

“అందరూ ఇళ్ళలో వేడి పెంచే మరలు చివరికంటా తిప్పేస్తున్నారు. దాంతో గ్యాసు జోరుగా రావాలి. మీ పలచటి మంట ఆ జోరుకు నిలబడదు, పొయ్యి వదిలి లేచిపోతుంది. ఒకసారి ఆరిపోయేదే” అన్నాడు త్రివిక్రమ్. “ఒక్కచోట చిక్కగా ఉంచితే, ఆ ఉండే మిగతా మంటను పట్టి ఉంచుతోంది.”

“మర కాస్త తగ్గించుకుని, ఒక ఊలు చొక్కా వేసుకోమంటే అయిపోయేది కదయ్యా.”

“ఇల్లిల్లూ తిరిగి అడిగాం. ఎవరూ ఒప్పుకోలేదు.”

“పై పేటవాళ్ళు ఎందుకొప్పుకుంటారు, దగ్గేది వాళ్ళా? కింది పేటలో అడిగావా?”

అతను టీ చెప్పడానికి వెళ్ళబోయాడు.

“కవ్వమా, నువ్వు చెప్పు. ఈసారన్నా నిజం చెప్పు.”

“కింది పేటలో అందరికంటే ముందు కాదన్నది మీ చెల్లెలు నీలవేణి గారు. ‘మా అక్కతో మాత్రం అనకండి, వింటే పొయ్యి ఆర్పించిందాకా ఊరుకోదు’ అన్నారు.”

హైమవతి మంచులో తొలిచిన దారుల వెంట నడిచి కింది పేటకు వెళ్ళింది. నీలవేణి పలచటి నూలు చీరలో, ఉత్త పాదాలు వేడిగొట్టానికి ఆనించి కూర్చుని ఉంది. దగ్గుతోంది.

“ఈ వేళప్పుడొచ్చావేంటక్కా? అన్నం తిన్నావా?”

హైమవతి గోడ దగ్గరికి వెళ్ళి మరను సగానికి తిప్పింది.

“అయ్యో, చలేస్తదక్కా.”

“అమ్మ ఎలా పోయిందో చూశావు కదే.”

“చూశాను. దుప్పటి కింద వణుక్కుంటూ పోయింది. నీకు అమ్మ దగ్గు గుర్తుంది, నాకు అమ్మ వణుకు గుర్తుంది.”

నీలవేణి లేచి, అక్క చేతిని మెల్లగా పక్కకు తోసి, మరను మళ్ళీ చివరికంటా తిప్పింది. గొట్టంలో జోరు పెరిగిన చప్పుడు వినబడింది. అడుగున కవ్వం ఆ ఉండను ఇంకాస్త చిక్కన చేసే ఉంటుంది.

“ఎందుకు దాచావే నా దగ్గర?”

“నువ్వు చలికి ఓర్చుకోగలవు. మేం ఓర్చుకోలేం.”

హైమవతి ఆ మాటకు జవాబు చెబుదామనుకుంది. దారి పొడవునా చలికి కొయ్యబారిన ఆమె చేతులు అప్పటికే గొట్టం మీద ఉన్నాయి. వాటిని తీయాలనిపించలేదు.

కొప్పర్తి వీరరాఘవమ్మ
అరవై ఎనిమిదేళ్ళు
ప్రస్తుతం ఉంటున్నది సామర్లకోట