శోకానికి ఒక పేరు

ఆదివారం పొద్దున్నే కంచరపాలెంలోని ఒంటిగది ఇంట్లో కుసుమకుమారి అత్తగారి నేతచీరకి ఇస్త్రీ చేస్తోంది. వెనక పట్టాల మీద గూడ్సుబండి పోతుంటే అలమారలో గిన్నెలు గలగలమన్నాయి. గుమ్మంలో కూర్చుని రామలక్ష్మమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

"ఆ సీర నాకెందుకు కుసుమా? నానెక్కడికీ రాను."

"మీరు రాకపోతే ఇల్లు రాదత్తయ్యా. ఎన్నిసార్లు చెప్పాలి?"

ఆ ఇల్లు భీమిలి రోడ్డు వైపున్న స్వరవిహార్ కాలనీలోది. అక్కడి గోడల నిండా రంగుల బొమ్మలు. కింద సంగీతం క్లాసు, పైన నాట్యం క్లాసు. వీధుల్లో ఆడపిల్లలు భయం లేకుండా సైకిళ్లు తొక్కుకుంటారు. పదో తరగతి చదువుతున్న కూతురు ధనశ్రీకి బొమ్మలంటే ప్రాణం. ఇక్కడ చోటు లేక ట్రంకుపెట్టె మీద పాత క్యాలెండరు కాగితాలు పరుచుకుని వేస్తుంది.

కాలనీలో ఖాళీగా ఉన్న వాటా ఒక్కటే, అడిగిన కుటుంబాలు మూడు. ఏదైనా కళ ఉన్నవాళ్లకే ఇస్తామని కార్యదర్శి అచ్యుతరామయ్య ముందే చెప్పాడు. పోయిన వారం ధనశ్రీ బొమ్మలు తిరగేసి, "బాగున్నాయమ్మా. కానీ ఇలా వేసే పిల్లలు మాకు పదిమంది ఉన్నారు" అన్నాడు. పరాయివాళ్ల ముందు ఎప్పుడూ నోరు విప్పని ధనశ్రీ, ఇల్లు చేజారిపోతోందన్న బెంగతో ఆ రోజు విప్పింది.

"మా మామ్మ శోకాలు తీస్తుందండి."

ఆనందపురం చుట్టుపక్కల ఎవరు పోయినా రామలక్ష్మమ్మకి పిలుపు వచ్చేది. పోయిన మనిషిని పేరుపెట్టి పిలిచి, పుట్టిన దగ్గర్నుంచి వాళ్ల బతుకంతా రాగం తీసి ఏడ్చేది. వింటే పగవాళ్లకి కూడా కళ్లు చెమర్చేవి. ఆ మాట చెప్పగానే అచ్యుతరామయ్య ముఖం వెలిగిపోయింది. ఆదివారం సాయంత్రం మా వేదిక మీద వినిపిస్తే వాటా మీదేననుకోండి అన్నాడు.

"పీనుగు లేకుండా శోకమేటి బాబూ?" రామలక్ష్మమ్మ కొడుకు వైపు చూసింది. "పేరెట్టి పిలవాల కదా. ఎవుల పేరెడితే ఆల్లు పోయినట్టే."

గుణశేఖర్ అద్దంలో చూసుకుంటూ గడ్డం గీసుకుంటున్నాడు. "అది పోగ్రామమ్మా. పావుగంట మైకు ముందు ఏడిసేసి దిగిపోడమే. నాన్న పేరెట్టు."

"మీ నాన్నకి ఏడవాల్సింది ఏడిసేసినాను. ఒక మనిసికి ఒకపాలే. ఎల్లిపోయినోల్ని మల్లీ పిలవకూడదు."

కుసుమ ఇస్త్రీపెట్టెను ఠపీమని నిలబెట్టింది. "ఊరోళ్లు శేరు బియ్యం పోస్తే ఏడ్చేవారు. ఇక్కడ మూడు పూటలా నేను వండి పెడుతున్నాను. మా దగ్గరికొచ్చేసరికి మీకు నియమాలు గుర్తొస్తాయి."

"బియ్యానికి ఏడవనేదమ్మా."

"మరి దేనికి? సరదాకా?"

ముసలావిడ తల దించుకుని మరో కాయ తీసుకుంది. అంతవరకూ మూల కూర్చున్న ధనశ్రీకి కోపం ముంచుకొచ్చింది. చిన్నప్పట్నుంచీ తనని ఎత్తుకు తిప్పిన మామ్మ ఒక్క సాయంత్రానికి ఇంత మొండికేయడమేమిటి?

"నీకు నామీద ప్రేమ లేదు మామ్మా. పేరే కావాలంటే నీ పేరే పెట్టేసుకో. సరిపోతుంది."

కుసుమ ఫక్కున నవ్వింది. "పిల్లకున్న తెలివి మనకి లేకపోయింది."

గుణశేఖర్ కత్తి కడుక్కున్నాడు. రామలక్ష్మమ్మ మనవరాలి ముఖం వంక కాసేపు చూసి, ఒళ్లో ఈనెలు దులుపుకుని లేచింది.

"అలాగేలే అమ్మలూ. ఆ సీర ఇలాగియ్యి కుసుమా."

సాయంత్రం కాలనీ మైదానంలో కుర్చీలన్నీ నిండిపోయాయి. రామలక్ష్మమ్మ వేదిక ఎక్కి, కుర్చీ వద్దని కిందే చతికిలబడింది. ఒక చెయ్యి చెంపకి ఆనించుకుని కళ్లు మూసుకుంది.

"ఓ రామలచ్చమ్మో, ఓ తల్లో!
మూడో ఆడపిల్లవని నీ మొకం ఎవులూ సూడనేదే తల్లో!
కొడుకు సదువుకని సెవుల కమ్మలు ఒలిసిచ్చినావే తల్లో!
కోడలి మంచం కింద కోడిపిల్లలా ముడుసుకున్నావే తల్లో!
మనవరాలు పొమ్మన్నాదే, పోతన్నావా తల్లో!"

జనం చప్పట్లు కొట్టారు. ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. గుణశేఖర్ ముఖంలో రంగు పోయింది. కుసుమ ఎత్తి పట్టుకున్న ఫోను దించేసింది.

శోకం తీసే మనిషి తనంతట తాను ఆపదు. ఎవరో ఒక ఆడమనిషి వెళ్లి భుజాలు పట్టుకుని 'ఊరుకో' అనాలి. ఊళ్లో చూసింది కాబట్టి ధనశ్రీకి తెలుసు. లేవాలనుకుంది. అందరూ తనని చూస్తారని కాళ్లు కదలలేదు. మామ్మ గొంతు జీరబోయింది, తర్వాత పగిలింది. చివరికి తన కళ్లు తనే తుడుచుకుని వేదిక దిగింది.

అచ్యుతరామయ్య తాళంచెవి గుణశేఖర్ చేతిలో పెట్టాడు. "ఎంత సహజంగా ఉందండీ. వచ్చే నెల మళ్లీ పెట్టిద్దాం. రండి, ఇల్లు చూసుకోండి."

రెండో అంతస్తులో తలుపు తెరుచుకుంది. లోపల సున్నం వాసన, కిటికీ నిండా గాలి. అందరూ లోపలికి వెళ్లారు. రామలక్ష్మమ్మ మాత్రం గడప బయటే నిలబడింది.

"రా అమ్మా," అన్నాడు గుణశేఖర్.

"శోకం అయిపోయినాక మనిసిని గడప లోపలికి తెత్తారేటి బాబూ? అందులోనూ కొత్తిల్లు. నన్ను ఆనందపురం బస్సెక్కించీ. మా సెల్లి సీతాలింటికి ఎల్తాను."

"అది ఉత్తిదే కదమ్మా."

"నాకు ఉత్తినే ఏడవడం రాదు."

కుసుమ చేతిలోని సంచి జారిపోయింది. "అత్తయ్యా, నేనేదో కోపంలో అన్నాను..." అంది.

ధనశ్రీ పరుగెత్తుకొచ్చి మామ్మ భుజాలు గట్టిగా పట్టుకుంది. వెక్కిళ్ల మధ్య, "ఊరుకో మామ్మా, ఊరుకో" అంది.

రామలక్ష్మమ్మ మనవరాలి చెంపలు చెంగుతో తుడిచింది. "అది అక్కడనాల తల్లీ. నీకోసమే సూసినాను."

"నాకీ ఇల్లొద్దు మామ్మా. మనింటికి పోదాం."

"వొద్దంటే నా ఏడుపు దండగైపోదా? ఉండమ్మా. బొమ్మలేసుకో."

గుణశేఖర్ గోడకి ముఖం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. రామలక్ష్మమ్మ కొడుకు వైపు ఒకసారి చూసి, కమ్మీ పట్టుకుని మెట్లు దిగసాగింది. ధనశ్రీ చెప్పులైనా వేసుకోకుండా ఆమె వెనకే నడిచింది. పక్కన నడవడానికి ధైర్యం చాలక, ఒక మెట్టు వెనకగా.