అమావాస్య నాటి సాంచె

వరద నీళ్ళు సిరిసిల్ల వీధుల్లోకి దూరి మరమగ్గాలు మునిగిన ఏడు అది. ఆ మరమగ్గాలనే అక్కడ సాంచాలంటారు. నీళ్ళింకా తగ్గకముందే జగిత్యాల లాడ్జిలో భారత గూఢచారి ఏజెంట్ నరేందర్‌ను కాల్చేశారు. కొన ఊపిరితో అతను తోటి ఏజెంట్ లతీఫ్‌కు ఫోన్ చేశాడు.

"మనల్ని అమ్మింది ఒక ఆడామె, తమ్మీ. సాంచాల ఇంటి బిడ్డనని చెప్తది. అబద్ధం..."

పేరు చెప్పేలోపే లైన్ తెగింది. ఆనాటి నుంచి లతీఫ్ పగను పంటి కింద పెట్టుకుని తిరిగాడు.

నెల తిరక్కముందే చీఫ్ ప్రేమ్‌సాగర్ పిలిచాడు.

"రాడార్‌కు చిక్కని గుడ్డ. సిరిసిల్ల షెడ్డుల ట్రయల్ నేస్తున్నరు. అమెరికా కొంటదట. చూడనీకి వచ్చే డెలిగేషన్‌తో సహా షెడ్డును బాంబుతోటి లేపేయాలని చైనా గూఢచారి రింగు ప్లాన్. ఆంబోతుల పోట్లాటల మన లేగల కాళ్ళు విరగొద్దు. డెలిగేషన్‌ను ఆపాల్నంటే కోడ్‌వర్డ్: చక్కెర తక్కువ."

"నరేందర్ సంగతేంది సార్?"

"డ్యూటీ ముందు."

లతీఫ్ ఆ పూటే బయల్దేరాడు.

గడ్డం అంటించుకుని, డెలిగేషన్ ఏర్పాట్ల కారుకు డ్రైవర్‌గా చేరాడు. వెనక సీట్లో నీల. అమెరికా తరఫు ఏజెంటు. నల్ల కళ్ళద్దాలు, కారంతా సెంటు వాసన. డెలిగేషన్ ఏర్పాట్లన్నీ ఆమెవే.

కోరుట్ల దాటుతుంటే అడిగాడు. "రేపు దొరలొచ్చేసరికి సాంచాలు నడుస్తయా మేడం?"

"ఎందుకు నడవయ్? నేను గా వాడల్నే పుట్టిన. సాంచె చప్పుడే నాకు జోలపాట."

స్టీరింగ్ మీద లతీఫ్ పిడికిలి బిగిసింది. రేపు అమావాస్య. ఆ వాడలో అమావాస్య నాడు ఎవరూ మోటారు స్విచ్ ముట్టరు. పాలు తాగే పిల్లకు కూడా ఎరుకే.

మర్నాడు షెడ్డులో చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం.

"పనోళ్ళేరి?" అంది నీల.

లతీఫ్ లోపలినుంచి తాళం వేశాడు. గడ్డం పీకేశాడు.

"అమాస కద మేడం. పుట్టిన వాడ రివాజు మర్చిపోతిరా? కూసోండ్రి, చాయ్ తాగుదాం."

ఫ్లాస్కు తీశాడు. అడుగున ఆమె ఫోన్ పనిచెయ్యనియ్యని జామర్, మూతలో చీఫ్‌కు వినబడే మైకు. "చక్కెర తక్కువ" అన్నాడు మూతలోకి. చీఫ్ డెలిగేషన్‌ను వేములవాడలోనే ఆపేశాడు.

"తలుపు తియ్యి."

"జల్దేమున్నది? బాంబు యాడున్నదో మీకు ఎరుకేనాయె."

నీల వాచీ చూసుకుంది. కళ్ళద్దాల కింద చెమట కారింది.

"నువ్వు గూడ సస్తవ్‌రా!"

"నరేందర్ పోయిననాడే సగం సచ్చిన. వాన్ని ఎవలు అమ్మిన్రో ముందు చెప్పు."

"నేనే! నేనే అమ్మిన! మూడో సాంచె మోటారు కింద ఉన్నది... తియ్యి, దండం పెడ్త!"

లతీఫ్ చాయ్ పోసుకుని తాగాకే లేచాడు. సాంచె మీది కత్తెర అందుకుని వైరు తెంపాడు. టైమర్ ఒకటి దగ్గర ఆగింది.

తెల్లారి కోరుట్లలో నరేందర్ తల్లి ఇంటికి పోయాడు. మొగిలవ్వ బీడీలు చుడుతూ తలెత్తలేదు.

"దొరికిందా, కొడుకా?"

"దొరికింది అవ్వ. అమెరికా మా మనిషి కాదన్నది. చైనా ఎవలో ఎరుకనే లేదన్నది."

"గట్లయితే కూడు మనమే పెట్టాల్నా?"

"జైల్ల పెడ్తరు. గుడ్డ నేసే పనికి ఎయ్యమని చెప్పొచ్చిన."

మొగిలవ్వ చేతిలో బీడీ ఆగింది. పెదవి కొన నవ్వుతో వంకర పోయింది. చాట పక్కకు జరిపి, చాయ్‌కి పొయ్యి ముట్టించింది.

"చక్కెర ఎక్కువెయ్యి అవ్వ" అన్నాడు లతీఫ్.