అతుకు పడిన మచ్చు

2091 నాటికి గుంటూరు మిర్చి యార్డులో కాయ నింపిన టిక్కీ బస్తాలు మోసేవి మరలే, తూకం చూసేవీ మరలే. మనుషులకు మిగిలిన పని ఒకటే, ఎవరిని నమ్మాలో తేల్చుకోవడం. చివరికి దాన్ని కూడా డాక్టర్ మనోజ్ఞ కనిపెట్టిన మడతమాపకానికి అప్పగించేశారు. దాని కొలత లేనిదే ఎవరూ పొత్తు కుదుర్చుకోవడం లేదు.

మెదడు పైపొర మడతలు పడి ఉంటుంది. దగ్గరికి వెళ్ళి చూసేకొద్దీ పెద్ద మడతల పోలికే చిన్న మడతల్లోనూ కనిపిస్తుంది. ఈ గుణం పేరు స్వయంసామ్యం. ఆ అల్లిక ఎంత చిక్కనిదో చెప్పే అంకె ఫ్రాక్టల్ పరిమాణం. మాట మీద నిలబడే మనిషిలో ఇది పెద్ద మడత నుంచి నాడీకణాల కొమ్మల దాకా ఒకే తీరుగా సాగుతుందనీ, మాట మార్చే మనిషిలో ఎక్కడో తెగుతుందనీ మనోజ్ఞ తేల్చింది. భాగం మొత్తాన్ని పోలి ఉంటుంది కనుక నుదుటి వెనక గోరంత చోటు చూస్తే చాలు. వర్తకులకు ఇది చప్పున ఎక్కింది. టిక్కీలోంచి గుప్పెడు కాయ మచ్చు తీసి సరుకంతటికీ ధర కట్టడమే కదా వాళ్ళ బతుకు.

యంత్రానికి మొదటి పెట్టుబడి పెట్టిన జశ్వంత్ వచ్చే వారం గుండె మార్పిడికి వెళ్తున్నాడు. కోలుకునేదాకా కోల్డ్ స్టోరేజీలు, సంతకాలు అన్నీ పాతికేళ్ళ భాగస్వామి లోహిత్ చేతిలో పెట్టాలి. తాను లేవకపోతే ఇంటివాళ్ళు బతకాల్సింది కూడా ఆ చేతి మీదుగానే. లోహిత్ కొలత వచ్చింది. వంక పెట్టడానికి లేదు. జశ్వంత్‌కు అనుమానం తగిలింది అక్కడే.

"మచ్చు ఇంత నిగనిగలాడితే నేను టిక్కీ మొత్తం కుమ్మరించి చూస్తా డాక్టరమ్మా. తలంతా కొలిచి చూడు."

"అంత అవసరం లేదండీ. సగం రోజు పడుతుంది." మనోజ్ఞ యంత్రం ఆపేయబోయింది.

"పట్టనీ. గుండె కోయించుకోవడం తప్ప నాకింకేం పనుంది."

లోహిత్ వెళ్ళి యంత్రం కుర్చీలో కూర్చున్నాడు. సాయంత్రానికి అతని మెదడు పటం గోడ మీద వెలిగింది. నుదుటి వెనక గోరంత చోటు మాత్రం వేరే బట్టతో మాసిక వేసినట్టు ఉంది.

"అతుకేశారు," అన్నాడు జశ్వంత్. "పైన మంచి కాయ పరిచి అడుగున తాలు పోశారు. ఎవరు నేర్పార్రా నీకు?"

లోహిత్ మనోజ్ఞ వైపు చూశాడు. "మేడమే. నీకు చూపకుండా, మొదటి కొలతలో నేను తప్పానన్నారు. తలకు తీగలు తగిలించుకుని నెల రోజులు సాధన చేస్తే ఆ చోట అల్లిక మారుద్దన్నారు. యార్డులో సగం మంది చేయించుకున్నోళ్ళే, బావా."

"నా పెట్టుబడితో నాకే తాలు అంటగట్టావా తల్లీ."

మనోజ్ఞ గోడ మీది పటం నుంచి చూపు తిప్పలేదు. "అడుగున తాలు లేదండీ. మిగతా మెదడంతా చూడండి. ఇంత నికార్సయిన అల్లిక నేనెప్పుడూ చూడలేదు. ఇందులో అబద్ధం ఆ అతుకొక్కటే."

"మరి మొదటి కొలత?"

"తప్పలేదు. సాధనకు డబ్బు కట్టి వస్తాడని అలా చెప్పాను."

జశ్వంత్ ఊపిరి పీల్చుకున్నాడు. "నీ సంగతి తర్వాత చూస్తా. ఏరా, సరుకు మంచిదే కదా. రేపు సంతకాలు పెట్టేద్దాం."

లోహిత్ తల మీది తీగలు ఒక్కొక్కటే ఊడదీసుకున్నాడు. "తప్పానంటే నేను నమ్మా, బావా. నా మెదడు సంగతి నాకేం తెలుసు. నేను నీకు తెలుసుగా. పైకి మాట లేకుండా తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకున్నోళ్ళం. నన్ను ఒకసారి కాదు, రెండుసార్లు కొలిపించావు. సరే. నీ కొలతెంత?"

"యంత్రం పెట్టించిందే నేను. నాకు కొలతేందిరా."

"ఎక్కు. నేనూ సగం రోజు కూర్చుంటా."

లోహిత్ లేచి పక్కకు జరిగి తువ్వాలుతో కుర్చీ దులిపాడు. మనోజ్ఞ తీగలు సవరించి పట్టుకుంది.

"గుండె జబ్బోడిని. ఇప్పుడివన్నీ పెట్టుకుంటే..."

"గుండెకేం కాదండీ," అంది మనోజ్ఞ మెల్లగా.

జశ్వంత్ కుర్చీకి ఒకడుగు దూరంగా జరిగాడు. లోహిత్ మెడలోంచి స్టోరేజీ తాళపు బిళ్ళ తీసి, ఖాళీ కుర్చీలో పెట్టి, బయటికి నడిచాడు.