గడప లేని ఇల్లు

పెనుకొండ కోట వీధిలో హనుమక్క ఇంటికి ముందుభాగం రాతి స్తంభాలది, వెనకభాగం మట్టిగోడలది. కార్ల ఫ్యాక్టరీ వచ్చినాక ఊళ్ళో అద్దెగదులకు గిరాకీ పెరిగింది. వెనకభాగం పడగొట్టి మూడంతస్తులు లేపాలని హనుమక్క, కోట వీధి అందం చెడకూడదని ఊరి పెద్దలు పట్టుబట్టారు. ఇరువైపులవారినీ ఒప్పించిన ఘనత హిందూపురం ఆర్కిటెక్టు సుధాకర్‌ది. ముందున్న రాతిపని చెక్కుచెదరదు, వెనక లేచే కొత్త గదులు వీధిలోకి కనపడవు. పాతదానికి కొత్తది అతికించడంలో తనంతటివాడు లేడని అతనికి కాస్త గర్వం. అందులో అబద్ధమూ లేదు.

కూలగొట్టాల్సిన రోజు పొద్దున్నుంచే మబ్బు పట్టింది. జేసీబీ వచ్చి నిలబడింది. హనుమక్క మాత్రం పనిమీద సోమందేపల్లి పోయి ఇంకా రాలేదు. ఆమె వచ్చేదాకా గోడ ముట్టనని మేస్త్రి ఓబులేసు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"పడగొట్టే ముందు లోపలుండేవాళ్ళను బయటికి పిలవల్ల సార్. ఆ ఇంట్లోనే పుట్టి, ఆ ఇంట్లోనే పోయినోళ్ళను. అక్క వచ్చి పిలుస్తాది."

"అంతేనా? నేను పిలుస్తాలే."

నవ్వుకుంటూనే సుధాకర్ వెనక వాకిట్లో నిలబడి, "అందరూ రాండి, పోదాం" అని మూడుసార్లు పిలిచాడు. వంటింటి చీకట్లోంచి చల్లగాలి వచ్చి మొహానికి తగిలింది. పాత సున్నం వాసన. వానకు ముందు గాలి అంతేలే అనుకున్నాడు. ఓబులేసు పనికి దిగాడు. గోడలు ఒరిగాక సుధాకర్ కారెక్కి, భోజనానికి హిందూపురం ఇంటికి పోయి, సాయంత్రానికి తిరిగొచ్చాడు.

దీపాలవేళకు హనుమక్క వచ్చింది. కరెంటు పోయి వీధంతా మసకగా ఉంది. సంగతి విని ఆమె మొహం పాలిపోయింది.

"పిలిచినావు సరే. యాడ నిలిపినావప్పా?"

"నిలపడమేందక్కా?"

"పిలిచినోళ్ళ వెంబడే వాళ్ళు వస్తారు. ముందింటి గడప దాటించి, ఈడే ఉండండని చెప్పల్ల. గడప ఉంటేనే వాళ్ళు ఆగేది. లేకుంటే ఎంత లోపలికైనా పోతారు. పిలిచినాక నువ్వు యాడికి పోయినావు?"

సుధాకర్ నేరుగా తన ఇంటికే పోయాడు. ఇంట్లో భార్య గీతాంజలి నిండు చూలాలు. పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు నిలిచిన కడుపు. ఆ ఇంట్లో ఏ గదికీ గడప లేదు. కాలికి అడ్డమని ప్లానులోంచి తనే తీసేశాడు.

ఫోన్ చేశాడు. చాలాసేపు మోగాక గీతాంజలి ఎత్తింది. గుసగుసగా మాట్లాడింది.

"ఏమండీ... మధ్యాహ్నం మీ వెంబడి వచ్చినోళ్ళు ఇంకా పోలేదు."

"ఎవరు?"

"ఏమో... హాల్లో చీకట్లో కూర్చోనుండారు. ఎవరూ మాట్లాడరు. ఒక అవ్వ మాత్రం గది గదీ తిరిగి చూస్తాంది..."

ఫోన్ తెగిపోయింది.

హనుమక్క అప్పటికే కారెక్కి కూర్చుంది. దారంతా వాన. హిందూపురంలోనూ కరెంటు లేదు. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపలినుంచి... అదే సున్నం వాసన.

హనుమక్క వాకిట్లో నిలబడి మెల్లగా పిలిచింది.

"రాండి. మనింటికి పోదాం రాండి."

ఏమీ లేదు... తర్వాత సుధాకర్ భుజానికి చల్లగా ఒకటి రాసుకుని బయటికి పోయింది. ఇంకొకటి... ఇంకొకటి. అతను కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి కరెంటు వచ్చింది. హాలు ఖాళీగా ఉంది. గీతాంజలి మంచం మీద, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నిదానంగా కూర్చుని ఉంది. ఆమెకేమీ కాలేదని సుధాకర్‌కు ఏడుపొచ్చినంత పనైంది.

"అందరూ పోయినారు," అంది గీతాంజలి. "చంటిబిడ్డ ఒకటి మాత్రం పోనంటాది."

హనుమక్క చప్పున మొహం తిప్పుకుంది.

మర్నాడు ఆస్పత్రిలో డాక్టరమ్మ గీతాంజలి పొట్ట మీద మిషను పెట్టింది. టకటకమని బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. సుధాకర్ హమ్మయ్య అనుకున్నాడు. డాక్టరమ్మ మిషను కొంచెం పక్కకు జరిపింది. అక్కడ ఇంకొకటి... మెల్లగా... ఆగి ఆగి...

"ఇన్నాళ్ళూ ఒక్క బిడ్డే కదా ఉండింది," అని గొణుక్కుంటూ డాక్టరమ్మ మిషను తీసి గుడ్డతో తుడిచింది.

గుడ్డకు తెల్లగా సున్నం అంటుకుంది.