హుక్కుకు కట్టిన తీగ

ఆయన్ని అందరూ జాగ్రత్త అనే పిలుస్తారు. మంచినీళ్లు తాగుతున్న మనిషిని కూడా "జాగ్రత్త" అని హెచ్చరించకుండా దాటిపోడు మరి. అంతటి మనిషి తన గడ్డి కోసే మిషన్ హుక్కును ఇనుప తీగతో కట్టేశాడు. భుజం పట్టీకి మిషన్ వేలాడేది ఆ హుక్కు మీదే. ఆపదలో దాన్ని ఒక్క గుంజు గుంజితే మిషన్ ఒంటి మీంచి ఊడిపోవాలి. మాటిమాటికీ ఊడుతోందని చిరాకేసి రెండు చుట్లు చుట్టాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే పేరు మార్చేయమూ!

మిషన్ వాళ్ల అన్నది. నిరుడు వానాకాలం మూతబడ్డ మిల్లు వెనక గడ్డి కోస్తూ అన్న కుప్పకూలాడు. గుండె ఆగిందన్నారు. జనం వెళ్లేసరికి మిషన్ మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

"దీన్ని మళ్లీ అక్కడికి తీసుకెళ్లకు మరిదీ," అంది వదిన.

"మిషన్‌కి చోటు గుర్తుంటుందా వదినా?" అని నవ్వాడు.

సాయంత్రం నాలుగింటికి సరిగ్గా అక్కడికే వెళ్లాడు. పెట్రోల్లో ఆయిల్ కలిపాడు, ఫిల్టర్ దులిపాడు, బ్లేడు నట్టు బిగించాడు. తాడు లాగితే మూడోసారికి స్టార్టయింది. గడ్డి ఛాతీ ఎత్తుంది. తెగిన పచ్చివాసన, కాలిన ఆయిల్ వాసన ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. మబ్బు పట్టింది. ఇంజన్ మోత మిల్లు గోడకు తగిలి తిరిగొస్తోంది, అవతల ఇంకెవరో కోస్తున్నట్టు.

జాగ్రత్త రేజ్ తగ్గించాడు. అవతలి మోతా తగ్గింది. కాకపోతే... కాస్త ఆలస్యంగా.

ఈ పూటకు చాలనుకుని స్విచ్ ఆపాడు.

ఇంజన్ ఆగలేదు.

ప్లగ్ మీది క్యాప్ పీకేశాడు. ఆగలేదు. ట్యాంకు వంక చూశాడు. చుక్క పెట్రోల్ లేదు. బ్లేడు మాత్రం ఇంకా జోరందుకుంది. బ్లేడు బిగించిన గొట్టం ముందుకు గుంజుతోంది. పట్టీ భుజంలోకి దిగుతోంది. మడమలు తన్నిపెట్టినా బురదలో గీతలు పడుతున్నాయే తప్ప నిలవడం లేదు.

ఎదురుగా గడ్డి కదిలింది. టీ ఫ్లాస్కు పట్టుకుని భార్య వస్తోంది.

"రాకు! అక్కడే ఆగు!"

ఆమె ఆగలేదు. హుక్కు మీద చెయ్యి వేశాడు. తీగ. మెలిక విప్పబోతే గోరు ఊడొచ్చింది. కటింగ్ ప్లేయర్ ముప్పై అడుగుల వెనక, సంచిలో ఉంది. పక్కకు పడిపోయాడు. పడినవాణ్ణి కూడా ఈడ్చుకుపోతోంది... పది అడుగులు... ఐదు...

"అన్నా," అన్నాడు. "వద్దన్నా..."

బ్లేడు ఆమె పాదానికి జానెడు దూరంలో ఆగిపోయింది.

"ఏంటండీ, పని మానేసి బురదలో పడుకున్నారు?" అంది భార్య. "రోడ్డు మీంచి పిలుస్తూనే వస్తున్నా. మిషన్ చప్పుడూ లేదు, మీ ఉలుకూ పలుకూ లేదు."

సంచిలోంచి కటింగ్ ప్లేయర్ తెచ్చి ఆమే తీగ కత్తిరించింది. ఏడు చుట్లున్నాయి.

"వేడెక్కితే స్విచ్ ఆపినా తిరుగుతుందిలే," అన్నాడు మెకానిక్. ఖాళీ ట్యాంకు సంగతి అడిగితే మాత్రం చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. ఊళ్లో ప్రతిదానికీ కారణం చెప్పేవాడు!

మిషన్ షెడ్డులో మేకుకు ఎక్కింది. షెడ్డుకు తాళం పడింది. తాళంచెవి జాగ్రత్త మొలతాడుకు చేరింది. ఇప్పుడాయన ఎవరికీ జాగ్రత్త చెప్పడం లేదు. మాకే తోచడం లేదు.

మొన్న వదిన పార అడిగితే ఆయనే వెళ్లి తాళం తీశాడు. ఆమె మిషన్ దగ్గర ఆగి హుక్కును తడిమింది.

"మళ్లీ తీగ కట్టావేంటి మరిదీ?" అంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "మీ అన్నలాగా ఎడమచేత్తో మెలెయ్యడం నీకెప్పుడొచ్చింది?"